తొమ్మిదో సర్వర్‌కి ఉద్వాసన

నేను వాడుక పుస్తకాలు రాస్తాను. మిక్సీ కొన్నప్పుడు డబ్బా అడుగున ఒక పల్చటి పుస్తకం వస్తుంది చూడండి, మీరు దాన్ని తెరవకుండానే పాత పేపర్ల కట్టలో పడేస్తారు, అది రాసేవాణ్ణి నేనే. వాటర్ ఫిల్టర్లకీ గీజర్లకీ రాశాను. ఒకసారి గోడకి తగిలించే దోమల యంత్రానికి కూడా రాశాను. ఇన్నేళ్ళ రచనా జీవితంలో నన్ను చివరి పేజీ దాకా చదివిన మనిషి ఒక్కడు కూడా లేడు. మా ఆవిడ సైతం గీజర్ మొరాయిస్తే నన్ను కేకేస్తుంది గానీ నా పుస్తకం తీయదు.

అందుకే రాష్ట్ర ధ్రువపత్రాల తనిఖీ కేంద్రం నుంచి పిలుపొచ్చి, "మీరు రాసేది మనుషులు చదవరండీ, ఏఐ ఏజెంటు చదువుతుంది" అనగానే ఎగిరి గంతేశాను.

ఆ కేంద్రం చేసే పని చిన్నదే. కాలేజీలో సీటు కోసం ఎవరైనా కులం సర్టిఫికెట్టో ఆదాయం సర్టిఫికెట్టో పెడితే, అది అసలుదేనా కాదా అని కాలేజీవాళ్ళు ఈ కేంద్రాన్ని అడుగుతారు. మనుషుల్ని కాదు, సర్వర్లని. పన్నెండు సర్వర్లున్నాయి. కాగితం ఒకదాని నుంచి ఇంకోదానికి పోయి చివరికి తొమ్మిదో నంబరు దగ్గర "సరే" అనిపించుకుంటుంది. ఈ సర్వర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇకమీదట ఏఐ ఏజెంటే చూడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది పైనుంచి వచ్చిన ప్రతి ఉత్తర్వులోనూ ఏఐ అనే మాట ఉండేది. మొక్కలు నాటమని చెప్పే ఉత్తర్వులో కూడా ఉండేది.

ఏజెంటు చేతికి నెట్‌దర్శిని అనే పరికరం ఇచ్చారు. అది ప్రతి సర్వర్ తలుపూ తట్టి, లోపల ఎవరైనా పలుకుతున్నారా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని చూసొస్తుంది. చూస్తుందంతే, దేన్నీ ముట్టుకోదు. అది చెప్పినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఏజెంటు నా పుస్తకం చదివి నేర్చుకోవాలి. పుస్తకంలో ఉన్నది విడిచిపెట్టదు, లేనిది చేయదు. నేను మనసు పెట్టి రాశాను. "తలుపు తట్టినా పలకకపోతే సర్వర్ ఆగిపోయినట్టు. ఆగిపోతే ముందు కరెంటు చూడాలి." నా మొత్తం సాహిత్యంలో ఇంతకంటే మంచి వాక్యాలు లేవని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఏజెంటు చదివింది. టీ చల్లారేలోపు మొదటి రిపోర్టు ఇచ్చింది. "తొమ్మిదో నంబరు సర్వర్ ఆగి ఉంది. కరెంటు అందడం లేదు. స్విచ్ వేయగలరు. మిగిలినవన్నీ బాగున్నాయి."

ఇన్‌చార్జి డైరెక్టర్ వేణుమాధవ్ గారు దాన్ని చదివి కళ్ళజోడు తీశారు.

"స్విచ్ వేయగలరు, అంటోంది. ఇది నాకు ఆర్డరా?"

"సూచనండీ" అన్నాను.

"ఏ కేడర్‌లో ఉండి సూచిస్తోంది?"

అసలు ఒక స్విచ్ వేయడానికి ఇంత చర్చ ఎందుకో అర్థం కాక, సర్వర్ గది చూస్తానన్నాను. సూపరింటెండెంట్ కమలకుమారి గారు నన్ను తీసుకెళ్ళారు. గదికి తాళం లేదు. ఆ భవనం మొత్తంలో ఏసీ పనిచేసేది అక్కడొక్కచోటే కనుక స్టాఫంతా టిఫిన్ బాక్సులు అక్కడే పెట్టుకుంటారు, మధ్యాహ్నం అక్కడే తింటారు.

తొమ్మిదో నంబరు సర్వర్ ఒక ఇనప బీరువాలో, మూలన పెళ్ళిపీట మీద ఉంది. ఒళ్ళంతా పసుపు, కుంకుమ బొట్లు. ఎండి నల్లబడ్డ బంతిపూల దండ. నాలుగు వైపులా నిమ్మకాయలు. బీరువా తలుపుకీ దాని పిడికీ కలిపి పసుపు దారంతో గట్టిగా కట్టిన ముడి. ప్లగ్గు పీకేసి ఉంది.

"దసరాకు ఆయుధ పూజ జేసినం గద రైటర్ సాబ్" అన్నారు కమలకుమారి గారు. "అన్నిటికీ స్టాఫే జేసిండ్రు, తెల్లారి తీసేసిండ్రు. దీనికి మాత్రం నృసింహమూర్తి సారు సొంతంగ జేసిండు, పెద్ద డైరెక్టరు. బంద్ జేసి, దారం కట్టి, 'ఉద్వాసన నేనే వచ్చి చెప్తా, అందాక ఎవరూ ముట్టొద్దు' అన్నడు. పండుగ అయిపోంగనే ఆయనకు బదిలీ అయ్యె."

"మరి ఇంకెవరైనా ఉద్వాసన చెప్పొచ్చుగా?"

"ఎవరు జెప్తరు? సారు కట్టింది. విప్పినంక ఏమన్న అయితే ఎవరి మీదికొస్తది?" అంటూ ఆవిడ తన టిఫిన్ బాక్సు తీసుకున్నారు. "లెటర్ పెట్టినం. సారు ఏదో ట్రైనింగుల ఉన్నడంట. జవాబు రాలే."

అంటే దసరా నుంచి ఆ కేంద్రంలో ఒక్క సర్టిఫికెట్టు కూడా "సరే" అనిపించుకోలేదు. ఫైల్లో మాత్రం ఆ సర్వర్ ఎదురుగా "పూజలో ఉన్నది" అని రాసుంది.

మర్నాడు పుస్తక సవరణ సమావేశం పెట్టారు. బిస్కెట్లు వచ్చాయి. వేణుమాధవ్ గారు నా పుస్తకాన్ని ముందు పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టారు.

"మిత్రులారా, మన సమస్య సర్వర్ కాదు. సర్వర్ గురించి ఈ పుస్తకంలో ఉన్న వాక్యం. సర్వర్‌ను మనం ముట్టుకోలేము. పుస్తకాన్ని ముట్టుకోవచ్చు."

ఒక పెద్ద మనిషి "అద్భుతం సార్" అన్నాడు. "ఆగి ఉంది" అనే మాట కార్యాలయ గౌరవానికి భంగకరం కాబట్టి "విశ్రాంతిలో ఉన్నది" అని మార్చాలని తీర్మానించారు. మార్చాను. ఏజెంటు మారిన పుస్తకాన్ని చదివి, విశ్రాంతిలో ఉందని బుద్ధిగా రిపోర్టు ఇచ్చింది. పై ఆఫీసు ఆ రిపోర్టు చూసి, ప్రభుత్వ సొమ్ముతో కొన్న యంత్రం పనివేళల్లో విశ్రాంతి తీసుకోవడమేమిటని సంజాయిషీ అడిగింది. మళ్ళీ సమావేశం, మళ్ళీ బిస్కెట్లు. ఈసారి తీర్మానం: "విశ్రాంతి అనునది నడకలో అంతర్భాగము కనుక, విశ్రాంతిలో ఉన్న సర్వర్ నడుస్తున్నట్లుగా భావించవలెను." ఇది నా భాష కాదు, కానీ నా పుస్తకంలో చేరింది.

ఏజెంటుకి అర్థం కాలేదు. దాని తప్పేమీ లేదు. తెర మీద మర్యాదగా అడిగింది: "పుస్తకం ప్రకారం తొమ్మిదో సర్వర్ నడుస్తోంది. నెట్‌దర్శిని ప్రకారం నడవడం లేదు. రెంటిలో ఏది రాయమంటారు?"

"ప్రశ్నలడిగే అధికారం దానికి ఎవరిచ్చారు?" అన్నారు వేణుమాధవ్ గారు.

"సందేహాలు అని ఒక అధ్యాయం ఉందండీ. అందులో..."

"తీసేయండి."

తీసేశాను. అయినా ఏజెంటు రిపోర్టు అడుగున చిన్న అక్షరాలతో "పరికరం మాత్రం అంగీకరించుట లేదు" అని రాస్తూనే ఉంది. ఇక అంగీకరించనిది పరికరమే గనుక, దాన్ని ఆపేయడమే న్యాయమని తేలింది. దానికీ ఒక నిబంధన రాశాను: "ఫలితము పుస్తకములో ముందే లభ్యమగుచున్నందున నెట్‌దర్శినిని ప్రయోగించి అనవసరముగా అరగదీయరాదు." ఆ రోజు నుంచి ఏజెంటు సర్వర్లని చూడ్డం మానేసి నా పుస్తకాన్ని మాత్రమే చూసి రిపోర్టు ఇవ్వసాగింది. హాల్లో గోడ మీద పెద్ద తెర పెట్టారు. దాని మీద పన్నెండు ఆకుపచ్చ దీపాలు.

నూటికి నూరు శాతం నడుస్తున్న ఏకైక కేంద్రమని పైనుంచి ప్రశంస వచ్చింది. వేరే శాఖలవాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళకి సర్వర్లు చూపించలేదు, పుస్తకం చూపించారు. తమకూ ఆ పుస్తకమే కావాలని వాళ్ళు అడిగారు. ఈ వైభవం చూసి ఎస్టేట్ విభాగం ఆఫీసరు నన్ను పక్కకి పిలిచి, మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్యలో ఇరుక్కున్న లిఫ్టుని కూడా పుస్తకంలో పెట్టమన్నాడు. "రెండు అంతస్తులకూ సమదూరంలో స్థిరంగా సేవలందించుచున్నది" అని పెట్టాను. మంచినీళ్ళ కూలర్ కూడా అదే వారంలో బాగుపడింది. అబద్ధమెందుకు, నాకు కాస్త గర్వంగానే ఉండేది. ఒక వాక్యం రాస్తే ఒక యంత్రం బాగుపడుతోంది. ఏ రచయితకి దక్కుతుందండీ అంత శక్తి?

అనిత వచ్చేదాకా అలాగే ఉన్నాను.

బానోతు అనితది కేసముద్రం దగ్గర తండా. నర్సింగులో సీటు వచ్చింది, ఖమ్మంలో. సర్టిఫికెట్టు తనిఖీ అయితేనే సీటు ఖాయం చేస్తారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు. ఆ పిల్ల పొద్దటి రైలెక్కి వచ్చి కౌంటర్ ముందు నిలబడితే, కమలకుమారి గారు తెర మీది దీపాలు చూపించారు.

"సర్వర్ నడుస్తుందమ్మా. సూడు, పచ్చ లైటున్నది. నీ సర్టిఫికెట్టులనే ఏదో ఉన్నది. ఎమ్మార్వో ఆఫీసుల అడుగు."

ఎమ్మార్వో ఆఫీసువాళ్ళు అంతా సరిగ్గా ఉందని కాగితం మీద రాసిచ్చారు. దాంతో మళ్ళీ వచ్చింది. కమలకుమారి గారు ఆ కాగితం చదివి, తెర వైపు చూసి, మళ్ళీ కాగితం చదివి, "అంతా కరెక్టే ఉన్నది గద, మరి ఎందుకైతలేదు?" అని ఆ పిల్లనే అడిగారు.

ఇలా రైళ్ళ మీద తిరుగుతూనే శుక్రవారం వచ్చేసింది. ఆ రోజు అనిత కౌంటర్ దగ్గరికి పోలేదు. నేరుగా గోడ మీది తెర ముందు నిలబడింది. ప్రజల సౌకర్యార్థం ఏజెంటుతో నోటితో మాట్లాడే ఏర్పాటు చేశారు.

"తొమ్మిదో సర్వర్ నడుస్తుందా?" అని అడిగింది.

"నడుస్తున్నట్లుగా భావించబడుతున్నది."

"భావించుడు కాదు. నడుస్తుందా, లేదా?"

"ఆ ప్రశ్నకు సమాధానం ఉన్న అధ్యాయం తొలగించబడినది. మరేదైనా సహాయం కావాలా?"

"నా సర్టిఫికెట్టు ఎందుకు పాస్ అయితలేదు?"

"సర్వర్ నడుస్తున్నది కనుక జాప్యానికి కారణం సర్వర్ కాదు. సర్వర్ కానిచో కారణం దరఖాస్తుదారు."

"అంటే నేనా?"

"అవునని భావించబడుతున్నది."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అనిత నవ్వలేదు, ఏడవనూ లేదు. వెనక్కి తిరిగి, "గీ బుక్కు ఎవరు రాసిండ్రు?" అని అడిగింది. నేను గోడకి అతుక్కుపోయాను. నాకు సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి నా పుస్తకం గురించి ఒక మనిషి అడిగితే, నేను కాదని చెప్పాలనిపించింది.

వేణుమాధవ్ గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను. అదృష్టమేమిటంటే అప్పుడే టపా వచ్చింది. నృసింహమూర్తి గారి జవాబు. ఆయన చక్కటి చేతివ్రాతతో రాశారు: "ఇంత చిన్న విషయానికి నన్ను అడగాలా? ఎవరైనా నిరభ్యంతరంగా ఉద్వాసన చెప్పి సర్వర్ ప్రారంభించుకోవచ్చును. ఆశీస్సులు."

"సార్, అనుమతి వచ్చేసింది! స్విచ్ వేద్దాం పదండి. బయట ఒక అమ్మాయి సీటు పోతోంది, ఐదింటికి గడువు" అన్నాను.

వేణుమాధవ్ గారు ఉత్తరాన్ని మడిచి కవర్లో పెట్టారు.

"కూర్చోండి. మీరు ఆవేశంలో ఉన్నారు. ఈ అనుమతి దేనికి? ఆగిన సర్వర్‌ను ప్రారంభించడానికి. ఆగిన సర్వర్ మన దగ్గర ఉందా?"

"ఉందండీ! గదిలో, నిమ్మకాయల మధ్య..."

"రికార్డులో ఉందా?"

అప్పుడు కూర్చున్నాను.

"రికార్డులో పన్నెండూ నడుస్తున్నాయి. పైనుంచి ప్రశంస కూడా వచ్చింది. నడుస్తున్న సర్వర్‌ను ఆన్ చేసే నిబంధన ఏ పుస్తకంలోనైనా చూపించండి, ఇప్పుడే సంతకం పెడతాను. ఆన్ చేశామంటే ఇన్నాళ్ళూ ఆగి ఉందని మనమే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆ ప్రశంసకి ఎవరు సంజాయిషీ ఇస్తారు? మీరిస్తారా?" ఆయన గొంతులో నిజంగానే భయం వినిపించింది. "అమ్మాయి విషయం నాకూ బాధగానే ఉంది. వచ్చే ఏడాది ముందుగా రమ్మనండి."

ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి అనిత దగ్గరికి వెళ్ళి, ఆ పుస్తకం రాసింది నేనేనని చెప్పాను. పూజ సంగతీ దారం సంగతీ కూడా చెప్పాను. ఆ పిల్ల నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గంతేనా? గా దారం ఇప్పితే అయిపోతదా?"

"అయిపోతుంది."

"మరి ఇన్ని దినాలు మీరేం జేస్తున్నరు సార్?"

నేను గది వైపు వేలు చూపించాను. తలుపు దగ్గర కమలకుమారి గారు టిఫిన్ బాక్సుతో ఎదురయ్యారు. మా ఇద్దర్నీ చూశారు. ఏం చేయబోతున్నామో ఆవిడకి అర్థమైందని ఆవిడ ముఖమే చెప్పింది. "నేనైతే ఎవర్నీ సూడలే" అని, గోడ వైపు తిరిగి బాక్సు మూత బిగించడం మొదలుపెట్టారు. ఆ మూత అప్పటికే బిగించి ఉంది.

నేననుకున్నట్టు అనిత దారాన్ని పుటుక్కున తెంపలేదు. చెప్పులు బయట విడిచింది. దండ తీసి కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. ముడి గట్టిగా ఉంటే పళ్ళతో వదులు చేసి విప్పింది. బీరువా మీద చెయ్యేసి, ఇంట్లో పెద్దావిడని లేపినట్టు మెల్లగా, "లే తల్లీ, చానా పండుకున్నవ్. లే, నాకు పనున్నది" అంది. ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది.

సర్వర్ ఒకసారి దగ్గి, ఫ్యాను తిప్పి, పసుపు దుమ్ము మా మొహాన కొట్టి లేచింది.

కొద్దిసేపటికి అనిత ఫోను మోగింది. "మీ ధ్రువపత్రం సరిచూడబడినది." ఆ పిల్ల అక్కడే నిలబడి ఫోన్లోనే ఖమ్మం సీటు ఖాయం చేసుకుంది. ఐదు కాలేదు ఇంకా. నాకు కళ్ళు చెమర్చాయి. పసుపు పడిందని చెప్పుకున్నాను.

ఈలోగా ఫ్యాను చప్పుడు విని వేణుమాధవ్ గారు వచ్చారు. విప్పిన దారం చూశారు, ఎర్రబడ్డారు.

"ఎవరు ఆన్ చేశారు దీన్ని? అనధికార వ్యక్తి ముట్టుకున్న సర్వర్ చేసిన తనిఖీ చెల్లదు. ఈ అమ్మాయి సీటు ఆపించవలసిందిగా ఇప్పుడే పైకి రాస్తాను." హాల్లోకి వెళ్ళి తెర ముందు నిలబడ్డారు. మా వెనకే జనం పోగయ్యారు. అనిత నా పక్కనే ఉంది, ఫోను గుండెకి అదుముకుని.

"తొమ్మిదో నంబరు సర్వర్‌ను ఆన్ చేసిన వ్యక్తి ఎవరు? లిఖితపూర్వకంగా రిపోర్టు ఇవ్వు" అన్నారు వేణుమాధవ్ గారు.

ఏజెంటు పుస్తకం చూసుకుంది. దానికి చూసుకోవడానికి పుస్తకం తప్ప ఏముంది?

"తొమ్మిదో నంబరు సర్వర్ ఎన్నడూ ఆగినట్లు రికార్డులో లేదు. ఆగని సర్వర్‌ను ఆన్ చేయుట సాధ్యము కాదు. కనుక ఎవరూ ఆన్ చేయలేదు. తనిఖీ చెల్లును."

వేణుమాధవ్ గారు ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని రెండుసార్లు చదువుకున్నారు. ప్రతి మాటా ఆయన తీర్మానించిందే. చివరికి గొంతు సవరించుకుని, చొక్కా కాలరు సర్దుకుని, అనిత వైపు తిరిగారు.

"చూశావా అమ్మా? నడుస్తోందని మేము మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాము. మీకే నమ్మకం లేదు."

"అవ్ సార్. మీరు జెప్పిందే నిజం" అంది అనిత. నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని, రైలు టైమైందని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వేణుమాధవ్ గారు అక్కడే నిలబడి, నడుస్తున్న సర్వర్‌ను ప్రజలు ఆన్ చేయరాదని ఒక కొత్త నిబంధన చెప్పి రాయమన్నారు. కాగితం తీశాను. సర్వర్ మాత్రం ఆగలేదు. దసరా నుంచి కుప్పపడిన సర్టిఫికెట్లన్నీ వరసగా "సరే" అంటూ పోతోంది. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, ఎవరెవరి ఫోన్లలోనో సందేశాలు పడుతున్నాయన్నమాట. ఒక్క పూటలో ఇన్ని తనిఖీలు రికార్డని ఎవరో అన్నారు. వేణుమాధవ్ గారు పై ఆఫీసుకి ఆ కబురు చెప్పడానికి తన గదిలోకి వెళ్ళారు.

కౌంటర్ మీది ఫోను మోగింది. కమలకుమారి గారు తీసి, చాలాసేపు విన్నారు. మధ్యమధ్యలో "అవునే తాతా", "ఆ, ఇప్పుడే వచ్చిందా" అన్నారు. తర్వాత రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశారు.

"రైటర్ సాబ్, ఎవరో ముసలాయన. మనుమరాలి సర్టిఫికెట్టు పాసయిందని ఇప్పుడే మెసేజ్ వచ్చిందంట. సీటు దసరా అయినంక వారానికే పోయిందంట. పిల్ల పత్తి ఏరనీకి పోతున్నది, రేపు కాలేజీకి పంపాల్నా, చేనుకు పంపాల్నా అని అడుగుతున్నడు. ఏం జెప్పాలె? మీ బుక్కుల ఏమన్న ఉన్నదా?"

ఆ పుస్తకంలో ప్రతి అక్షరం నాకు తెలుసు. లేదని చెప్పాను.

ఆవిడ రిసీవర్ మీద నుంచి చెయ్యి తీయలేదు. లోపల ఆ పెద్దాయన "అమ్మా, ఉన్నవా అమ్మా" అని పిలవడం నాకూ వినబడుతోంది.